టేమ్ ఇంపాలా కొత్త ఆల్బమ్ ‘డెడ్‌బీట్’: విన్నవాళ్లు చెప్పండి

చెరువుగట్టు (మొగల్తూరు దగ్గర)
17 అక్టోబరు 2025, రాత్రి 11:52

ఇవాళే వచ్చిందండి. టేమ్ ఇంపాలా అంటే తెలియనివాళ్లకి, ఆస్ట్రేలియాలోని పెర్త్‌కి చెందిన కెవిన్ పార్కర్ దాదాపు ఒక్కడే చేసే సంగీతం. పొద్దుట ఇంట్లో ఒకసారి, ఇప్పుడు గట్టు మీద రెండోసారి విన్నాను. ముందటి ఆల్బమ్ ‘ద స్లో రష్’ వచ్చింది 2020 ఫిబ్రవరి 14న. అప్పటికి నాకు పెళ్లి కాలేదు, ఇప్పుడు చెరువున్న చోట వరి ఉండేది. ఐదేళ్ల ఎనిమిది నెలల తర్వాత ఇది ఐదో ఆల్బమ్, 12 పాటలు.

పొద్దుట విన్నప్పుడు మనసు చివుక్కుమంది. గిటారు ఏది? పాత ఆల్బమ్ ‘లోనరిజం’లో గదంతా పగిలిపోతున్నట్టు మోగిన ఆ డ్రమ్స్ ఏవి? ఎక్కడ చూసినా దబ్, దబ్, దబ్, దబ్.

రాత్రి మళ్లీ ఇక్కడ పెట్టుకున్నాను. రొయ్యల చెరువు తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు, నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్లు రాత్రంతా తిరగాల్సిందే. పగలు నీళ్లలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది, చీకటి పడ్డాక అదే తీసుకుంటుంది, తెల్లారగట్లకి డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) బాగా పడిపోతుంది. అందుకని అర్ధరాత్రి నుంచి నాలుగింటి దాకా కుర్చీ వేసుకుని ఆ చప్పుడే వింటూ కూర్చుంటాను. ఆరు ఏరియేటర్లు. ఒక్కటి ఆగినా కునుకులో కూడా తెలిసిపోతుంది.

ఆ చప్పుడు మధ్యలో ‘ఎథీరియల్ కనెక్షన్’ మొదలైంది. ఏడు నిమిషాలకి పైనే ఉంటుంది, మాటలు తక్కువ. కాసేపటికి ఏది చెరువుదో, ఏది చెవిలోదో తెలియలేదు. ఒంటరితనం మీద పాటలు కట్టే మనిషి ఈసారి మాట తగ్గించి, ఆ ఒంటరితనాన్నే నా పక్కన కూర్చోబెట్టినట్టు అనిపించింది. పొద్దుట అనుకున్నదంతా వెనక్కి తీసుకుంటున్నాను. మీకెలా ఉంది?

లాకులదగ్గర (నిడదవోలు)
18 అక్టోబరు, ఉదయం 7:15

అన్నా, నేను ఒప్పుకోను. మూడుసార్లు విన్నాకే రాస్తున్నాను.

‘ఇన్నర్‌స్పీకర్’ (2010), ‘లోనరిజం’ (2012) రెండిటినీ మిక్స్ చేసింది, అంటే విడివిడి శబ్దాలని కలిపి తూకం చేసింది, డేవ్ ఫ్రిడ్‌మన్. ఫ్లేమింగ్ లిప్స్ అనే అమెరికా బ్యాండ్‌తో ఏళ్ల తరబడి పనిచేసిన చెయ్యి అది. డ్రమ్స్‌ని అంచు దాకా నొక్కి, పగిలే ముందు వదుల్తాడు. గిటారు పక్కనుంచి రాదు, మీద పడుతుంది. 2015లో ‘కరెంట్స్’ దగ్గర్నుంచి మిక్సింగ్ కూడా కెవిన్ పార్కరే చేసుకుంటున్నాడు. అప్పట్నుంచి శబ్దం శుభ్రపడుతూ వచ్చింది, శుభ్రపడే కొద్దీ నాకు దూరమవుతూ వచ్చింది. ‘డెడ్‌బీట్’లో ఇల్లు మొత్తం ఖాళీ చేసి సున్నం వేసినట్టుంది. సైకెడెలిక్, అదే మత్తులో తేలినట్టుండే ఈ తరహా రాక్ సంగీతం, అంటే నాకు నిండిన గోదారి. ఇది వేసవిలో ఇసక తేలిన గోదారి.

ఆ మనిషి మీద కోపం లేదు. నా ఇంటరు రోజులన్నీ ‘లోనరిజం’తోనే గడిచాయి. అందుకే బాధ.

వైనతేయ (ఊరు రాజోలు, ఉద్యోగం బెంగళూరు)
18 అక్టోబరు, ఉదయం 10:40

ఇద్దరి మాటా అర్థమైంది. నాకు మాత్రం మొదటి పాట మొదటి నిమిషంలోనే ఏడుపొచ్చింది.

‘మై ఓల్డ్ వేస్’ ఎలా మొదలవుతుందో గమనించారా? ఫోన్లో పట్టుకున్నట్టున్న ముతక రికార్డింగు. పియానో, ఒక గొంతు, అంతే. కాసేపయ్యాక అదే పియానో పెద్ద శబ్దంలోకి, నిండు బీట్‌లోకి తెరుచుకుంటుంది. రికార్డుల్లో దాదాపు అన్ని వాయిద్యాలూ తనే వాయించుకునే మనిషి, ఒక్కో శబ్దం మీద నెలలు కూర్చుంటాడని పేరున్న మనిషి, ఆ చిత్తు ప్రతిని అలాగే ఉంచేశాడు. అది అలసత్వం అంటే నేను నమ్మను. పాత అలవాట్లలోకి మళ్లీ జారిపోవడం గురించి పాడేటప్పుడు, ఆ జారిపోయిన గది వాసన కూడా మనకి తెలియాలి కదా.

అట్ట మీద బొమ్మ చూడండి. తన కూతురిని దగ్గరికి తీసుకుని ఉన్నాడు. పేరు ‘డెడ్‌బీట్’, అంటే ఎందుకూ పనికిరాని మనిషి, బాధ్యత పట్టనివాడు. ఆ మాటని ఆ ఫోటోతో కలిపి పెట్టినవాడు చాలా రాత్రులు నిద్రపోయి ఉండడు.

ఇంకో సంగతి. ఇందులో కొంత రికార్డు చేసింది పెర్త్‌కి దక్షిణాన సముద్రపు ఒడ్డున ఉన్న ‘వేవ్ హౌస్’లో. ‘ఇన్నర్‌స్పీకర్’ చేసింది కూడా అక్కడే, తర్వాత ఆ ఇల్లు తనే కొనుక్కున్నాడు. ఆ ఒడ్డు హిందూ మహాసముద్రానిది. మన అంతర్వేదిలో గోదారి పాయ వశిష్ఠ కలిసే నీళ్లకి అవతలి చివర అదే.

యానాం గాలి
18 అక్టోబరు, మధ్యాహ్నం 1:05

అక్కా, ఆ చివరి వాక్యం చదివి మ్యాప్ తీసి చూసుకున్నాను. నిజమే.

లాకులన్నకి గిటారు వాయించేవాడిగా ఒక్క మాట. ‘లోనరిజం’లో ఆ అలలాంటి తిరుగుడు ఫేజర్ అనే ఎఫెక్ట్ పరికరం వల్ల వస్తుంది. వచ్చిన శబ్దాన్ని రెండుగా చీలుస్తుంది. ఒక పాయని కొంచెం జరిపి మళ్లీ రెండోదానితో కలుపుతుంది. కలిసిన చోట కొన్ని స్వరాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, ఆ కొట్టేసుకునే చోటు పైకీ కిందికీ నడుస్తూ ఉంటుంది. గోదారి మీద రెండు పడవల ఇంజన్లు ఇంచుమించు ఒకే వేగంతో పోతుంటే ఆ మోత పొంగుతూ తగ్గుతూ ఉంటుంది చూడండి, చెవికి ఆ వరసే. అది ‘డెడ్‌బీట్’లో పోలేదు. ఇదివరకు గిటారుకి, డ్రమ్స్‌కి వేసేవాడు, ఇప్పుడు సింథ్ (సింథసైజర్) తీగల మీద నెమ్మదిగా, ఒక్కో పాట మొత్తం పొడుగునా నడిపించాడు. మంచి హెడ్‌ఫోన్లతో ‘ఎండ్ ఆఫ్ సమ్మర్’ వినండి. జులైలో సింగిల్‌గా వచ్చినప్పుడు నాకూ పట్టలేదు. ఇప్పుడు చివరి పాటగా, పదకొండు పాటల తర్వాత వింటే దాని బరువు వేరు.

సౌండుబాక్సు (అంబాజీపేట)
18 అక్టోబరు, రాత్రి 9:30

ఆయ్, నమస్కారమండి. నాకు ఇంగ్లీషు పాటల మాటలు అంతగా తెలీవు. మా అబ్బాయి వినమని పెట్టేడు. పాతికేళ్లుగా సౌండ్ సిస్టమ్ పెట్టేవాడిని, ఆ కోణంలో చెబుతాను.

ఈ ఆల్బమ్ గదిలో వినడానికి చేసింది కాదండి. గదిలో గోడలు శబ్దాన్ని తిరగ్గొడతాయి, చిన్న డ్రమ్ము కూడా నిండుగా వినపడుద్ది. ఆరుబయట గోడ ఉండదు. దూరం రెట్టింపయినప్పుడల్లా మోత ఆరు డెసిబెల్స్ పడిపోద్ది. అక్కడ పది వాయిద్యాలు ఒకేసారి కొడితే ముద్దయిపోద్దండి, ఏదీ తెలీదు. అందుకే బయట వాయించే పాటలో శబ్దానికీ శబ్దానికీ మధ్య చోటుండాలి. లాకుల తమ్ముడు ‘ఖాళీ ఇల్లు’ అన్నది అదే. ఆ ఖాళీ గాలి కోసం వదిలింది.

నిన్న సాయంత్రం షెడ్డు బయట నాలుగు 18 అంగుళాల బేస్ బాక్సులు నేల మీద పక్కపక్కనే ఆనించి పెట్టి ‘ఎథీరియల్ కనెక్షన్’ వేసేను. విడదీసి పెడితే బేస్ చెల్లాచెదరవుద్ది, ఆనించి పెడితే ఒకటై తోస్తుంది. కిక్ డ్రమ్ము పడినప్పుడల్లా కొబ్బరి మొవ్వులో ఆకు కదిలినట్టే అనిపించింది. చేసినోడికి ఆరుబయట మోత తెలుసండి.

వైనతేయ
18 అక్టోబరు, రాత్రి 10:02

బాబాయ్ గారూ, మీరు చెప్పింది అక్షరాలా నిజం. ఈ ఆల్బమ్‌కి మూలం పశ్చిమ ఆస్ట్రేలియాలోని ‘బుష్ డూఫ్’లని విడుదలప్పుడే చెప్పారు. ఊరికి దూరంగా పొదల్లో, అడవి అంచున జనరేటరు పెట్టుకుని, సౌండ్ సిస్టమ్ వేసుకుని తెల్లార్లూ ఆడతారు. ‘డూఫ్’ అంటే ఆ కిక్ డ్రమ్ము చప్పుడే. మనం ‘దబ్’ అన్నట్టు. పెర్త్ నుంచి పక్క మహానగరం అడిలైడ్‌కి వెళ్లాలంటే రెండు వేల కిలోమీటర్ల పైమాటే. అంత ఒంటరి ఊళ్లో పెరిగినవాళ్లు సంగీతాన్ని గదిలోనైనా చేసుకోవాలి, లేదా మైదానంలోకైనా తీసుకుపోవాలి. పార్కర్ మొదటిది పదిహేనేళ్లు చేశాడు. ఇప్పుడు రెండోదానికి వచ్చాడు.

లాకులదగ్గర
18 అక్టోబరు, రాత్రి 10:20

సౌండుబాక్సు గారి మాట నన్ను ఆలోచనలో పడేసింది. కానీ ఆరుబయటికి పనికొచ్చేది అంటే మంచి పాట అని కాదు కదండీ. మార్పు లేకుండా ఏడు నిమిషాలు ఒకే దెబ్బ ఎందుకు వినాలి? ఆ ప్రశ్నకి ఎవరైనా జవాబు చెప్పండి.

డోలు_మోత (పాలకొల్లు)
19 అక్టోబరు, ఉదయం 6:30

నేను చెబుతానండి. మాది మూడు తరాల నుంచి డోలు సన్నాయి కుటుంబం.

సన్నాయి కచేరీలో శ్రుతి ఉంటుంది. రెండు గంటలు ఒకే స్వరం. అది మారలేదేమని ఎవరూ అడగరు, అది ఆగితే మాత్రం అందరూ తలెత్తి చూస్తారు. దాని మీద రాగం నడుస్తుంది. ఈ పాటల్లో ఆ దబ్ దబ్ కాలానికి శ్రుతి. మీరు దెబ్బని వినకండి, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఏం మారిందో వినండి. ‘నాట్ మై వరల్డ్’ మెల్లగా మొదలై చివరికి ఎక్కడికి చేరుతుందో చూడండి. మేము వరసగా ఒకే నడక వాయించేటప్పుడు చేతి బరువు మారుస్తాం, చెయ్యి ఒక్క వెంట్రుకవాసి వెనక్కి వేస్తాం. లెక్క తప్పదు, మనసు ఊగుతుంది. ఈయన మెషిన్‌తో ఆ పని చేశాడు. పూర్తిగా సాధించాడా అంటే, ‘ఆబ్లివియన్’లో నాకు సాధించలేదనిపించింది. ఆ పాట ఊగదు, ఊరికే తిరుగుతుంది. ‘లూజర్’లో నడక మాత్రం అద్భుతం.

రెండోపల్లవి (అమలాపురం)
19 అక్టోబరు, ఉదయం 8:10

డోలు గారు చెప్పింది ఎంతో విలువైన మాట. దానికి ఒకటి కలుపుతాను.

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసినవాళ్లు ఇక్కడ చాలామందే ఉంటారు. పదకొండు ఊళ్ల రుద్రులూ ఒక తోటలో కలుస్తారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు (దేవుడిని నిలిపే ఎత్తైన అలంకార చట్రాలు) కౌశిక కాలువ దాటాలి. ఆ ఎత్తు ప్రభని భుజాల మీద మోస్తూ నీళ్లలోకి దిగుతారు. ఒడ్డు మీద డప్పు ఒకే వరసన మోగుతూ ఉంటుంది. ఆ వరస మన చెవుల కోసం పెట్టింది కాదు, మోసేవాళ్ల కాళ్ల కోసం. అక్కడ దెబ్బ మారితే అడుగు తప్పుతుంది. నా చిన్నప్పుడు మా నాన్నగారి భుజం మీద కూర్చుని చూశాను, నిరుడు మా మనవణ్ణి తీసుకెళ్లి చూపించాను, ఆ వరస విన్నంతసేపూ నాకు వయసు గుర్తుకు రాలేదు.

మార్పు లేని దెబ్బ ఎందుకంటే, మోయడానికి. ఈ ఆల్బమ్‌లో ఆ అబ్బాయి ఏదో బరువు మోస్తున్నాడు.

చెరువుగట్టు
20 అక్టోబరు, రాత్రి 12:48

మాస్టారూ, ఆ చివరి మాట చెరువు గట్టు మీద మూడుసార్లు చదువుకున్నాను.

సౌండుబాక్సు
27 అక్టోబరు, సాయంత్రం 4:15

తుపాను రేపు రాత్రికి మన మీదికే అంటన్నారండి. సరంజామా అంతా అటక మీదికి ఎక్కించేసేను. యాంప్లిఫయర్లు పట్టా కప్పి తాళ్లతో కట్టేను. బేస్ బాక్సులు ఎక్కించలేకపోయేను, ఇటికల మీద ఎత్తుగా పెట్టేను. అందరూ జాగ్రత్త. చెరువుగట్టు తమ్ముడూ, డీజిలు ఉందా?

చెరువుగట్టు
27 అక్టోబరు, రాత్రి 8:05

మూడు రోజులకి సరిపడా పట్టించాను బాబాయ్. కరెంటు ఎటూ తీసేస్తారు. గట్లకి ఇసక బస్తాలు వేశాం. పాటలన్నీ ఫోన్లోకి దించుకున్నాను.

వైనతేయ
27 అక్టోబరు, రాత్రి 8:30

అమ్మావాళ్లు రాజోల్లో ఉన్నారు. గంటకోసారి ఫోన్ చేస్తున్నాను. ఈ సమయంలో గుర్తొచ్చింది కాబట్టి చెబుతున్నాను. 2018 నవంబరులో కాలిఫోర్నియాలో మాలిబు దగ్గర కార్చిచ్చు వచ్చినప్పుడు పార్కర్ అక్కడే అద్దె ఇంట్లో పని చేసుకుంటున్నాడు. లాప్‌టాప్, తన హాఫ్నర్ బేస్ గిటారు పట్టుకుని బయటపడ్డాడు. మిగతా సరంజామా ఇంటితో పాటు కాలిపోయింది. ‘ద స్లో రష్’ ఆ తర్వాతే పూర్తయింది. చేతికి అందే రెండు వస్తువుల్లో ఒకటి వాయిద్యం కావడం నాకెప్పుడూ మరుపు రాదు. బాబాయ్ గారు యాంప్లిఫయర్లు అటకెక్కించారంటే ఆ దృశ్యమే కళ్ల ముందుకొచ్చింది.

రెండోపల్లవి
27 అక్టోబరు, రాత్రి 9:00

1996 నవంబరు 6 తుపాను రాత్రి మేము వంటింట్లో బల్ల కింద కూర్చున్నాం. పొద్దున్నే తలుపు తీస్తే కనపడేంత మేర కొబ్బరిచెట్టన్నది నిలువుగా లేదు. వెయ్యిమందికి పైగా పోయారు. ఈసారి హెచ్చరిక ముందే వచ్చింది, బడులకి సెలవిచ్చారు, తీరం వాళ్లని తరలిస్తున్నారు. ఎవరూ బయటికి రాకండి. తెల్లారాక ఒక్కొక్కరూ ఇక్కడ ఒక్క మాట రాయండి.

యానాం గాలి
29 అక్టోబరు, మధ్యాహ్నం 12:10

క్షేమం.

డోలు_మోత
29 అక్టోబరు, సాయంత్రం 5:40

క్షేమమండి. నరసాపురం దగ్గర తీరం దాటింది, మాకు గాలి మామూలుగా లేదు. కరెంటు లేదు.

సౌండుబాక్సు
30 అక్టోబరు, ఉదయం 9:00

ఇంటికి ఏం కాలేదండి. తోటలో పదకొండు చెట్లు పడ్డాయి. బేస్ బాక్సులు తడవలేదు.

చెరువుగట్టు
31 అక్టోబరు, రాత్రి 1:20

అందరికీ నమస్కారం. ఇప్పుడే సిగ్నల్ వచ్చింది.

28 రాత్రి పదింటి నుంచి ఏరియేటర్లు జనరేటరు మీదే. గాలి పెరిగే కొద్దీ ఏ మోత ఏదో తెలియలేదు. నాకు ఆ చప్పుడే దిక్కు కదా, అది వినపడకపోయేసరికి కాళ్లాడలేదు. టార్చి పట్టుకుని గంటకోసారి గట్టు మీదికి పాకినట్టు వెళ్లి చూశాను. రెండు ఏరియేటర్లు ఒరిగిపోయాయి, నాలుగు తిరిగాయి. రొయ్యలు కొంత పోయాయి, ఎక్కువ బతికాయి.

29 తెల్లారగట్ల గాలి తగ్గాక మొదట వినపడింది జనరేటరు. ఆ తర్వాత ఏరియేటర్లు, ఒకటి, రెండు, మూడు, నాలుగు. షెడ్డులో తడిసిన మంచం మీద కూర్చుని ‘ఎండ్ ఆఫ్ సమ్మర్’ పెట్టుకున్నాను. ఇదివరకు దాన్ని అయిపోతున్న కాలం మీద దిగులు పాట అనుకున్నాను. ఆ పొద్దుట అది దిగులుగా లేదు. ఇంకా తిరుగుతోంది, ఇంకా తిరుగుతోంది అని చెబుతున్నట్టే ఉంది.

లాకులదగ్గర
31 అక్టోబరు, ఉదయం 6:50

అన్నా, నువ్వు బాగున్నావు. అంతే చాలు.

సౌండుబాక్సు
8 నవంబరు, రాత్రి 7:45

ఆయ్, ఒక సంగతండి. 16వ తారీకు ఆదివారం మా దగ్గర తోటలో కార్తీక వనభోజనాలకి సౌండు నాదే. నాలుగింటికల్లా జనం వెళ్లిపోతారు. జనరేటరు ఆరింటి దాకా ఉంటది. తోట యజమానిని అడిగేను, సరేనన్నారు. ఈ ఆల్బమ్ మొదటి పాట నుంచి చివరి దాకా వేస్తాను. దగ్గర్లో ఇళ్లు లేవు, అయినా ఆరు దాటితే ఆపేస్తాను. వచ్చేవాళ్లు రండి. భోజనం మిగులుద్ది.

వైనతేయ
17 నవంబరు, ఉదయం 11:15

కార్తీకానికి ఇంటికి వచ్చాను కాబట్టి వెళ్లగలిగాను. ఏడుగురం. పడిపోయిన కొబ్బరి మానుల మీద వరసగా కూర్చున్నాం. ఉసిరిచెట్టు కింద విస్తళ్లు ఇంకా ఎత్తలేదు. బాబాయ్ గారు మిక్సర్ దగ్గర నిలబడి ఒక్కసారి కూడా మోత పెంచలేదు, రెండుసార్లు తగ్గించారు.

నాకు బాగా గుర్తుండిపోయేది ‘పీస్ ఆఫ్ హెవెన్’. హెడ్‌ఫోన్లలో అది కాస్త తీపి ఎక్కువైన పాట. తోటలో ఆ సింథ్ తీగలు ఆకుల్లోంచి పైకి పోయి ఎక్కడో ఆగినట్టు వినపడ్డాయి. ‘డ్రాక్యులా’కి వడ్డన చేసిన పిల్లలిద్దరు ఆడారు. ‘ఎథీరియల్ కనెక్షన్’ అప్పుడు డోలు గారు తొడ మీద చేత్తో వేస్తూ, కళ్లు మూసుకుని, మధ్యలో ఒకచోట “అదీ” అన్నారు. ఎక్కడ అన్నారో నాకు అందలేదు. తర్వాత అడిగితే, కిక్ ఆగి మళ్లీ వచ్చేచోట అది తను అనుకున్న దానికంటే కొంచెం ముందే వచ్చిందన్నారు.

లాకులదగ్గర
17 నవంబరు, రాత్రి 9:50

నేనూ వెళ్లాను. రావులపాలెం దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో.

నా అభిప్రాయం మొత్తం మారలేదు. ‘ఆఫ్టర్‌థాట్’, ‘ఆబ్లివియన్’ ఇప్పటికీ నాకు వద్దు. ‘లోనరిజం’ మీద నా ప్రేమ ఇసుమంత తగ్గలేదు. కానీ ‘నాట్ మై వరల్డ్’ సగం అయ్యేసరికి లేచి నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో తెలియదు. చుట్టూ పడిపోయిన చెట్లు, వాటి వేళ్లకి ఇంకా పచ్చి మట్టి, కింద నేలలోంచి ఆ బేస్ పాదాల్లోకి వస్తోంది. పాట అయిపోయే వరకు కూర్చోలేదు. మాస్టారు నా పక్కకి వచ్చి ఏమీ అనకుండా నిలబడ్డారు.

సౌండుబాక్సు గారూ, ఇంటికొచ్చి హెడ్‌ఫోన్లతో మళ్లీ విన్నాను. సగమే ఉంది. మిగతా సగం మీ తోటలో ఉండిపోయింది.

డోలు_మోత
18 నవంబరు, ఉదయం 6:15

‘లూజర్’ నడక మీద డోలు వాయించి చూశానండి, ఫోన్లో రికార్డు చేశాను. రెండుచోట్ల చెయ్యి తడబడింది. సరిచేసి మళ్లీ చేస్తాను, అప్పుడు ఇక్కడ పెడతాను.

వైనతేయ
18 నవంబరు, ఉదయం 8:00

తడబడిందే పెట్టండి డోలు గారూ.

చెరువుగట్టు
19 నవంబరు, రాత్రి 12:30

నేను రాలేకపోయినందుకు ఏమీ అనుకోకండి. చెరువు వదిలి కదిలే రోజులు కావివి. ఒరిగిన రెండు ఏరియేటర్లూ బాగుచేయించాను, మళ్లీ ఆరూ తిరుగుతున్నాయి.

రొయ్యల పట్టుబడి డిసెంబరు మొదటి వారంలో ఉంటుంది. అదయ్యాక ఒకరోజు వస్తాను బాబాయ్. ఆ నాలుగు బాక్సులూ నేల మీదే పెట్టండి. చివరి పాట ఒక్కటి వేస్తే చాలు.